ఓలి, కట్నం, తిరిగొచ్చే తొవ్వ

2003 ఎండాకాలంలో మా చిన్నమ్మ కూతురి లగ్గం నాచారంలోని ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. కీసరలో ఇంటి ముందు పందిరేసి చేస్తే పిల్లగాని తరఫు వాళ్లకు నామోషీ అని హాలు మాట్లాడారు. ఐరేని కుండలు తెచ్చే వేళ ముత్తైదువలను పేరుపేరునా పిలిచారు. మా అమ్మమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. తాత బతికే ఉన్నాడు, రెండు కుర్చీల అవతలే కూర్చున్నాడు. అమ్మమ్మ చేతినిండా గాజులున్నాయి, కాళ్లకు మట్టెలున్నాయి. ‘నువ్వు రావా అమ్మమ్మా?’ అని అడిగితే, ‘నన్ను పిలువరు బిడ్డా, నేను అండ్లకు రాను’ అన్నది. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

భోజనాలు అయ్యాక తెల్లధోతి కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి అమ్మమ్మ ఒళ్లో చీర పెట్టి, కాళ్లు మొక్కి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఎవరని అడిగితే మా అమ్మ చాలాసేపు జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చాక చెప్పింది. ఆయన మా అమ్మకు అన్న. అమ్మమ్మ మొదటి లగ్గంలో పుట్టిన కొడుకు. నాకు ముప్పై మూడేళ్లు వచ్చేదాకా అమ్మమ్మది రెండో లగ్గమని నాకు తెలియదు.

అప్పటికి పదేళ్లుగా నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతున్నాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారని ప్రతి ఏడూ చెప్పేదాన్ని. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శించారని, 1897లో అచ్చయిందని, 1909లో తిరగరాశారని తేదీలతో సహా అప్పజెప్పేదాన్ని. ‘తెలుగునాట మొదటి వితంతు వివాహం’ అనే మాటలో ‘మొదటి’ అనేది ఎవరికి మొదటిది అని నాకెప్పుడూ అనుమానం రాలేదు. మా ఇంట్లోనే మారుమనువు చేసుకున్న మనిషి నాకు జొన్నరొట్టె చేసి పెడుతున్నది. ఆమె పెళ్లికి సంస్కర్త రాలేదు, పోలీసు కాపలా లేదు, పత్రికలో వార్త రాలేదు. కులపెద్ద వచ్చాడు, కల్లు తాగాడు, వెళ్లిపోయాడు. అంత మామూలుగా జరిగిపోయిన సంగతిని పాతికేళ్ల తర్వాత మేము దాచుకోవలసి వచ్చింది. ఎందుకు దాచుకున్నామన్నదే ఈ వ్యాసంలో నేను వెతుకుతున్నది.

కీసర పేరు చెప్పగానే చరిత్రకారులకు విష్ణుకుండినులు గుర్తొస్తారు. గుట్ట మీద కోట గోడలు, ఇటుక కట్టడాలు, నాణేలు తవ్వకాల్లో బయటపడ్డాయి. రాతి మీద ‘తొలుచువాన్ఱు’ అన్న చిన్న శాసనం దొరికింది. రాళ్లు తొలిచేవాళ్లు తమ వృత్తి పేరు తెలుగులో చెక్కి పోయారు. ఆ వంశానిదే చిక్కుళ్ల తామ్రశాసనం ఒకటుంది. విష్ణుకుండిన, వాకాటక వంశాలు రెండూ మొదటి విక్రమేంద్రవర్మ పుట్టుకకు అలంకారమయ్యాయని అందులో పొగడ్త. ఆ రెండు వంశాలను కలిపిన మనిషి ఆ రాజు తల్లి. ఆమెను మన పుస్తకాలు వాకాటక మహాదేవి అంటాయి. అంటే పుట్టింటి పేరు, రాణి అన్న హోదా. పెళ్లి రెండు ఇండ్ల మధ్య ఒప్పందంగా నమోదవుతుంది, ఆ ఒప్పందం మోసిన స్త్రీ నమోదు కాదు. రాణుల గతే ఇదైతే మా కురుమ ఇండ్ల ఆడవాళ్ల సంగతి శాసనాల్లో వెతకడం దండగ. అందుకే అమ్మమ్మనే అడిగాను. 2003 నుంచి ఆమె పోయిన 2009 దాకా, వీలు దొరికినప్పుడల్లా అడిగాను.

అమ్మమ్మకు తేదీలు తెలియవు. మొదటి లగ్గం ‘పండ్లు ఊడి మొలిచేటప్పుడు’ అయింది. రెండోది ‘పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు’, అంటే 1949. బాల్యవివాహాలను నిషేధించిన 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాది. నిజాం రాజ్యంలోని ఊళ్లకు అది వర్తించేది కాదు.

సంబంధం ఎట్లా కుదిరేదో ఆమె చెప్పిన తీరు వింటే, పెళ్లిళ్ల పేరయ్య అనే మగమనిషి కథంతా నడిపేవాడనుకునే మన అలవాటు సగమే నిజమనిపిస్తుంది. ముందు మేనరికం చూస్తారు. మేనమామకో మేనబావకో వద్దంటేనే బయటి సంబంధం. బయటికి పోతే మొదటి ప్రశ్న కంకణం గురించి. మా కులంలో ఉన్ని కంకణం వాళ్లు, పత్తి కంకణం వాళ్లు అని రెండు తెగలు. పెళ్లిలో చేతికి కట్టే దారం ఉన్నిదా పత్తిదా అన్నదాన్ని బట్టి పేరు. ఈ విభజన గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన దక్షిణ భారత కులాల సంపుటాల్లో రాశాడు. ఒక కంకణం వాళ్లు ఇంకో కంకణం వాళ్లకు పిల్లనిచ్చేవాళ్లు కాదు. ఆ తర్వాత ఇంటిపేరు, దేవుడు, మంద ఎంత, చెలక ఎంత.

ఇదంతా మగవాళ్లు చావడి మీద మాట్లాడే మాట. ‘అత్త ఎసొంటిది’ అన్న అసలు మాట మాత్రం వాళ్ల దగ్గర దొరకదు. అది గాజులమ్మే ఆమెకు తెలుసు, మంత్రసానికి తెలుసు, బట్టలుతికే చాకలామెకు తెలుసు. ఏ ఇంట్లో కోడలు చేతి గాజులు ఊరికే పగులుతున్నయో గాజులామె కన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఆమె పది ఊళ్లు తిరుగుతుంది, ప్రతి ఇంట్లో ఆడవాళ్ల చెయ్యి పట్టుకుంటుంది. శివరాత్రికి కీసరగుట్ట జాతరలో చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసేవి. పిల్లను అక్కడే దూరం నుంచి చూపించేవాళ్లు. ఈ పక్క నుంచి తల్లి పిల్లవాణ్ణి కూడా చూసుకునేది. ‘చూసినట్టు ఎవలికి తెల్వద్దు, గదే చూసుడు’ అనేది అమ్మమ్మ. ఆ సమాచారం ఆడవాళ్లది, నిర్ణయం మగవాళ్లది. తల్లి వద్దన్న సంబంధాన్ని తండ్రి ఒప్పుకుంటే తల్లి చేయగలిగింది ఏమీ లేదు. అమ్మమ్మ మొదటి లగ్గం అట్లా అయినదే. గాజులామె వద్దని చెప్పింది. తండ్రి ఓలి మాట ఇచ్చేసి వచ్చాడు.

ఓలి అంటే పిల్లగాని తరఫువాళ్లు పిల్ల తల్లిదండ్రులకు ఇచ్చే సొమ్ము. అమ్మమ్మకు వచ్చిన ఓలి అరవై హాలీ రూపాయలు, రెండు గొర్రెపిల్లలు. పెళ్లి ఖర్చు కూడా చాలావరకు వాళ్లదే. సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాల మీద 1920లో తెచ్చిన పుస్తకం తిరగేస్తే, వధువు తరఫుకు సొమ్ము ముట్టజెప్పడం, విడిపోవడం, మారుమనువు అనేక కులాల ఆచారాలుగా కనిపిస్తాయి. 1950ల మొదట్లో ఎస్.సి. దుబే ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, ఇప్పుడు మా జిల్లాలోనే ఉన్న శామీర్‌పేటను అధ్యయనం చేశాడు. 1955లో అచ్చయిన ఆయన ‘ఇండియన్ విలేజ్’ ఆ ఊరి గురించే. అందులో కూడా బ్రాహ్మణ, కోమటి ఇండ్లను మినహాయిస్తే మిగతా కులాల్లో స్త్రీ విడిపోవడానికీ మళ్లీ పెళ్లాడడానికీ దారి కనిపిస్తుంది. ఈ పుస్తకాలను నేను ఎమ్మేలో చదివాను. చదివినప్పుడు అది ‘వాళ్ల’ ఆచారం అనుకున్నాను.

‘కన్యాశుల్కం’ నాటకంలో ఉన్న శుల్కం, మా ఓలి ఒకటేనా? ఒకటి కాదు. గురజాడ చూపించింది విశాఖ జిల్లా అగ్రహారాల సంగతి. కాటికి కాళ్లు చాచిన ముసలివాడు పసిపిల్లను కొనుక్కుంటాడు. ఆ ముసలివాడు పోతే ఆ పిల్ల జీవితాంతం తలగొరిగించుకుని మూల కూర్చోవాలి. తిరిగి పెళ్లి లేదు. మా ఇండ్లల్లో ఓలి పుచ్చుకున్న పిల్ల చెలకలో పనిచేస్తుంది, మంద కాస్తుంది, ఉన్ని వడుకుతుంది. పుట్టింటి నుంచి ఒక జత చేతులు పోతున్నయి గనక ఆ ఇంటికి సొమ్ము. ఆడవాళ్లు పొలంపని ఎక్కువగా చేసే సమాజాల్లో వధువు తరఫుకు సొమ్ము ముడుతుందని, ఆడవాళ్లు పొలం నుంచి తప్పుకున్న చోట కట్నం వస్తుందని ఎస్టర్ బోస్‌రప్ 1970లో వాదించింది. ఆ వాదానికి మినహాయింపులు చాలా చూపించారు గానీ, మా ఊరికి మటుకు అది సరిగ్గానే అతుకుతుంది.

అయితే ఓలిని పొగడడానికి ఈ మాట చెప్పడం లేదు. ఓలి స్త్రీ చేతికి రాదు, తండ్రి చేతికి వస్తుంది. ఓలి, పెళ్లి ఖర్చుల కోసం అప్పు చేసిన పేదవాడు ఆ అప్పు కింద దొర దగ్గర భగేలాగా జీతం ఉండేవాడు. అతను జీతముంటే పెళ్లాం వెట్టికి పోయేది. అదే కాలంలో దొరల ఇండ్లల్లో బిడ్డకు పెళ్లి చేసి పంపేటప్పుడు ఆమె వెంట ఆడబాపను పంపేవాళ్లు. ఒక స్త్రీ పెళ్లిలో ఇంకో స్త్రీ సామానుగా పోయేది. తెలంగాణ పోరాటంలో స్త్రీలు చెప్పుకున్న అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడు ఆ దొరతనంలో ఆడవాళ్ల బతుకు వాళ్ల నోటితోనే మనకు వినపడింది. ఒకే ఊళ్లో ఒకే ఏడు జరిగిన పెళ్లిళ్లు కూడా కులాన్ని బట్టి వేర్వేరు చట్టాల కింద నడిచేవన్న మాట.

మరి అమ్మమ్మ తిరిగి ఎట్లా వచ్చింది? మొగుడు విసిరిన ముంత తగిలి నుదుటి మీద చీలిన మచ్చ చివరిదాకా ఉంది. చిన్నప్పుడు ఆ మచ్చ గురించి అడిగితే ‘మేక పొడిసింది’ అని చెప్పేది. ఒక రాత్రి లేచి, గుట్ట మీద దీపం చూసుకుంటూ చెలకల్లోంచి నడిచి పుట్టింటికి వచ్చింది. కొడుకు అప్పుడే పాలు మరిచాడు. వాణ్ణి ఎత్తుకుని రాలేకపోయింది. అత్త పక్కలో పడుకుని ఉన్నాడు.

తండ్రి తిట్టాడు, తల్లి అన్నం పెట్టింది. నెల రోజులకు కులపెద్దలు కూర్చున్నారు. మొగుడు కొట్టాడని తేలింది, అయినా పంపండి అన్నారు. అమ్మమ్మ పోనన్నది. ‘ఎన్నిసార్లు తోలితే అన్నిసార్లు వస్త’ అన్నదట. అప్పుడు లెక్క మాట్లాడారు. మళ్లీ చేసుకునేవాడు ఎవడైనా వస్తే వాడిచ్చే ఓలి మొదటివానికి చేరాలి. తప్పు ఇద్దరి మీదా పెట్టి కల్లు ఖర్చు చెరి సగం. ‘పిల్లగాడు వాళ్లోడు, పిల్ల మనది’ అని తీర్పు. ఏడాది తిరక్కముందే తాత వచ్చి ఓలి కట్టాడు. రెండో లగ్గానికి పందిరి లేదు, ఐరేని లేదు, మైలపోలు లేదు, తలంబాలు లేవు. రాత్రిపూట గొంగడి పరిచి కూర్చోబెట్టి, కొత్త చీర, రైక ఇచ్చి, పుస్తె కట్టాడు. తెల్లారి నుంచి ఆమె అందరి లాంటి ఇల్లాలే. ఒక్కటి తప్ప. ఆ రోజు నుంచి ఏ లగ్గంలోనూ ముత్తైదువల వరుసలో నిలబడలేదు. తాత బతికి ఉన్నంత కాలం కూడా.

కొడుకును వదిలి రావడం గురించి మాత్రం ఆమె రెండుసార్లే మాట్లాడింది. లీలా దుబే 1986లో రాసిన వ్యాసంలో విత్తనం–నేల ఉపమానాన్ని విప్పి చూపింది. పురుషుడు విత్తనం, స్త్రీ నేల అనే ఊహ పంట మీద హక్కు ఎవరిదో ముందే తేల్చేస్తుంది. ‘పిల్లగాడు వాళ్లోడు’ అన్న రెండు మాటల తీర్పు వెనుక ఉన్నది ఆ ఊహే. మా కులపెద్దలు సంస్కృత శాస్త్రం చదవలేదు, అయినా ఆ విషయంలో వాళ్ల మాట శాస్త్రం మాటే. కాబట్టి ఓలి కాలంలో తొవ్వ ఉన్నదంటే, ఆ తొవ్వ మీద సుంకం కూడా ఉన్నది. ఆ సుంకం అమ్మమ్మ యాభై ఏళ్లు కట్టింది. 2003లో ఒళ్లో పెట్టిన చీర ఆమె కొడుకు చేతి మీదుగా అందుకున్న మొదటి చీర.

ఈ లెక్కలు మన దగ్గరే ఇట్లా ఉన్నాయనుకోవద్దు. ఐర్లండ్ పడమటి తీరాన క్లేర్ అనే కౌంటీలో 1930లలో అరెన్స్‌బర్గ్, కింబల్ అనే ఇద్దరు అమెరికన్లు పల్లెల్లో ఉండి రాసిన పుస్తకం 1940లో వచ్చింది. అక్కడ కూడా నడుమ మనిషి సంబంధం తెస్తాడు. పిల్ల తండ్రి పోయి పిల్లగాని పొలం గట్లు నడిచి చూస్తాడు, పశువులు లెక్కపెడతాడు. మా దగ్గర ‘ఇల్లు చూసుడు’ అన్నది అదే. అక్కడ పిల్ల కట్నం తెస్తుంది. 1845లో మొదలైన మహా కరువు తర్వాత పొలం ముక్కలు చేయకుండా ఒక్క కొడుకుకే ఇవ్వడం బలపడింది. కోడలు తెచ్చిన కట్నంతో ఆ ఇంటి ఆడబిడ్డకు పెళ్లి చేసేవాళ్లు. ఒకామె సొమ్ము ఇంకొకామె సొమ్ముగా ఇల్లిల్లూ తిరిగేది, ఏ ఒక్కరి చేతిలోనూ నిలిచేది కాదు. కట్నానికి డబ్బు లేని ఆడపిల్లలు అమెరికా ఓడ ఎక్కేవాళ్లు. 1937 రాజ్యాంగం ఆ దేశంలో విడాకులను నిషేధించింది. 1995లో ప్రజాభిప్రాయ సేకరణలో అతి స్వల్ప తేడాతో ఆ నిషేధం పోయింది. అంటే కీసరలో చదువురాని ఒక కురుమ పిల్ల 1949లో నడిచిన తొవ్వ, ఐర్లండ్ రైతు బిడ్డకు చట్టంలో మరో నలభై ఆరేళ్ల దాకా తెరుచుకోలేదు. ‘వెనుకబాటు’ అనే మాటను ఎవరి మీద వాడుతున్నామో ఒకసారి ఆగి చూసుకోవాలి.

మా ఇంట్లో ఓలి ఎట్లా పోయిందో మూడు పెళ్లిళ్లతో చెప్పొచ్చు. మా అమ్మ లగ్గం 1968లో. అది అటూ ఇటూ కానిది. ఓలి పేరుకు పదకొండు రూపాయలు పళ్లెంలో పెట్టారు, కట్నం అడగలేదు. అప్పటికే చుట్టూ భూమి మారుతోంది. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చింది. తర్వాత మౌలాలి దగ్గర అణు ఇంధన సంస్థ, ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు పెరిగాయి. మందలు మేసిన బీళ్లలో ప్రహరీలు లేచాయి. మా మేనమామ ఒక కంపెనీలో నౌకరికి కుదిరాడు. 1974లో అతని లగ్గం మా ఇంట్లో మొదటి కట్నం లగ్గం. నగదు, సైకిలు, చేతి గడియారం. అమ్మమ్మకు అర్థం కాలేదట. ‘పిల్లనిచ్చి పైసలు గూడ వాళ్లే ఇచ్చుడేంది? ఆ పిల్ల పని చెయ్యదా?’ అని అడిగింది. చేయదు అని జవాబు. నౌకరిగాని పెళ్లాం చెలకకు పోదు, ఇంటిపట్టున ఉంటుంది. ఇంట్లో ఆమె చేసే పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. లెక్కలో లేని పనికి ఓలి ఎవరిస్తారు?

ఆ పెళ్లికే మొదటిసారి బ్రాహ్మణుడు వచ్చి కూర్చున్నాడు. కాళ్లు కడిగి కన్యాదానం చేయించాడు. దానంగా ఇచ్చిన వస్తువును తిరిగి అడగడం తప్పు. ఓలి మాటలో ఎంత కర్కశం ఉన్నా, అది లెక్క. లెక్క తప్పితే మళ్లీ కూర్చుని మాట్లాడొచ్చు. దానానికి ఆ వీలు లేదు. దక్షిణాదిలో ఓలి ఆచారమున్న కులాలు పై కులాలను చూసి, కొత్త జీతాల ఊపులో కట్నానికి మారిన తీరును ఎం.ఎన్. శ్రీనివాస్ 1984లో విశ్లేషించాడు. మా ఇంటికి ఆ మార్పు వచ్చినప్పుడు దాని పేరు ‘మర్యాద’. మర్యాదస్తుల ఇంట్లో మారుమనువు ఉండకూడదు. అందుకే మేనమామ సంబంధం మాట్లాడుకునేటప్పుడు అమ్మమ్మ మొదటి లగ్గం చెప్పలేదు. దాచడం అక్కడ మొదలైంది.

చట్టాలు రాలేదని కాదు. వరకట్నాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1958లోనే చట్టం చేసింది, 1961లో కేంద్ర చట్టం వచ్చింది. మేనమామ కట్నం తీసుకున్న 1974లోనే హైదరాబాద్‌లో ప్రగతిశీల మహిళా సంఘం ఏర్పడి, కట్నానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చింది. 1983లో 498ఎ, 1986లో వరకట్న మరణాల సెక్షన్ వచ్చాయి. ఆచారం ప్రకారం విడిపోయే హక్కును 1955 హిందూ వివాహ చట్టం కూడా కొట్టేయలేదు, 29(2) సెక్షన్‌లో అట్లాగే ఉంచింది. కానీ కోర్టులో ఆ ఆచారం ఉందని రుజువు చేయాలి. మా ఇల్లే ఆ ఆచారాన్ని సిగ్గుపడి దాచేస్తే రుజువు చేసేదెవరు? చట్టం తెరిచి ఉంచిన తలుపును మేమే లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్నాం.

మూడో పెళ్లి 2003లో నాచారం హాల్లో జరిగినది. మూడు లక్షల నగదు, ఐదు తులాల బంగారం, మోటర్ సైకిలు. సంబంధం బయోడేటా చూసి కుదిరింది. పిల్లగాని చదువు, జీతం, ఇంటి గజాలు అందులో ఉన్నాయి. గాజులామెను అడిగినవాళ్లు లేరు. అసలు గాజులామె ఇంటికి రావడం మానేసి చాలా కాలమైంది.

2006లో మా చెల్లె ఒక సంచితో తిరిగి వచ్చింది. ముంజేతి మీద వాత ఉంది. చిన్నాయన వాకిట్లో నిలబడి, ‘ఇంత పోసి చేస్తిమి, ఎట్ల వస్తవు?’ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, బిడ్డంటే ప్రాణం. కానీ ఆ మాటలో కట్నం లెక్క మొత్తం ఉంది. ఓలి కాలంలో పెళ్లి చెడితే మొగుని ఇల్లు సొమ్ము గురించి కంగారు పడేది. కట్నం కాలంలో పెళ్లి చెడితే సొమ్ము అటే ఉంటుంది, అప్పు ఇటే ఉంటుంది. కాబట్టి పిల్లను వెనక్కి పంపాలన్న తొందర పుట్టింటిదే అవుతుంది. కట్నం సొమ్మును మూడు నెలల్లో ఆమెకే బదలాయించాలని వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది. అది ఆ వాకిట్లో ఎవరికీ తెలియదు. నాకూ అప్పుడు గుర్తు రాలేదు.

అమ్మమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. చెల్లె చేతిలో సంచి తీసుకుని, ‘తిన్నవా?’ అని అడిగింది. తర్వాత అందరూ వింటుండగా, పక్కింటివాళ్లు కూడా వింటుండగా అన్నది: ‘నేను గూడ వచ్చిన. నాది రెండో లగ్గం. ఇంట్లకు రా.’ మేనమామ తల దించుకున్నాడు. మా అమ్మ ఏడ్చింది. ముప్పై రెండేళ్లు మేము దాచిన సంగతి ఆమె మూడు ముక్కల్లో బయటపెట్టింది. ఆ రాత్రి చిన్నాయన మళ్లీ నోరెత్తలేదు.

చెల్లె కేసు నాలుగేళ్లు నడిచింది. బంగారం సగం వచ్చింది, నగదు రాలేదు. తన కూతురు మాత్రం తన దగ్గరే పెరిగింది. అమ్మమ్మ కట్టిన సుంకం చెల్లె కట్టలేదు, ఆ ఒక్క విషయంలో కోర్టు కులపెద్దల కన్నా మేలు. ఇప్పుడు ఆ పిల్లకు ఇరవై దాటాయి. సంబంధాలు వస్తున్నాయి.

మధ్యలో భూమి ఇంకోసారి మారింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. మా అమ్మ అట్లా మిగిలిపోయింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయిందా లేదా అని అడగలేదు. ఆ లోపల కీసర మీదుగా బాహ్య వలయ రహదారి వచ్చింది, చెలకలు ప్లాట్లయ్యాయి. అమ్మకు ఒడిబియ్యం పోసిన ఏడే హక్కు వదులుకుంటున్నట్టు సంతకం తీసుకున్నారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, చీర, తర్వాత కాగితం. అమ్మ చదవకుండానే పెట్టింది. ‘అన్నతమ్ముల ఇల్లు ఉండాలె గద బిడ్డా’ అన్నది. పుట్టింటికి పోయే తొవ్వ మూసుకుపోతుందన్న భయంతో ఆ తొవ్వలో తనకున్న భూమినే రాసిచ్చింది.

2014లో తెలంగాణ ప్రభుత్వం ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి మొదలుపెట్టింది. 51,000 రూపాయలతో మొదలై 1,00,116కు పెరిగింది. పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు మంచిదే. పేద ఇంటికి ఆ సొమ్ము అక్కరకొస్తుంది, కాదనను. కానీ రాజ్యం కూడా పెళ్లి చేసి పంపడం దగ్గరే ఆగుతున్నది. తిరిగొచ్చిన పిల్లకు మొదటి ఆరు నెలలు అద్దె ఎవరు కడతారు, అన్నం ఎవరు పెడతారు అన్నది ఇంటికే వదిలేశాం. ఇంట్లో అమ్మమ్మ లాంటి మనిషి ఉంటే సరే. లేకపోతే?

ఓలి తిరిగి రావాలని నేను కోరడం లేదు. కులపెద్దల కల్లు పంచాయితీ నాకు వద్దు, కొడుకును వదిలేసి వచ్చే తీర్పు అసలే వద్దు. నేను కోరేది, మన స్త్రీల చరిత్ర రాజమండ్రిలోనూ విజయనగరంలోనూ మాత్రమే మొదలైందని చెప్పడం మానేద్దామని. గొల్ల, కురుమ, ముదిరాజ్, మాల, మాదిగ ఇండ్లల్లో ముసలమ్మలను అడుగుదాం. ఎన్ని మారుమనువులు, ఎన్ని విడుపులు, ఎవరు ఎందుకు దాచారో రాసిపెడదాం. తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారని తెలియడమే తిరిగి రావలసిన పిల్లకు సగం బలం. ఇప్పుడు నేను 1881 పాఠం చెప్పేటప్పుడు ‘బ్రాహ్మణ కుటుంబాల్లో’ అన్న రెండు మాటలు ముందు చేర్చి చెబుతున్నాను. తర్వాత మా అమ్మమ్మ గురించి చెబుతాను. ప్రతి ఏడూ ఒకరిద్దరు పిల్లలు క్లాసు అయ్యాక ఆగి, ‘మేడం, మా నాయనమ్మది కూడా’ అంటారు.

మొన్న చెల్లె ఫోను చేసింది. బిడ్డకు ఒక సంబంధం వచ్చిందట, బయోడేటా పంపింది. చదువు, జీతం, గజాలు. నేను అడిగినది ఒకటే. ‘ఆ ఇంటి పెద్ద కోడలితో ఎవరన్నా మాట్లాడిన్రా?’ చెల్లె నవ్వింది. ‘నేనే పోయిన అక్కా. ఆమె చెయ్యి పట్టుకుని చూసొచ్చిన’ అన్నది.